పోలీసోళ్లు ఇంటి కుక్కను కాలిస్తే మన చట్టం ఏమంటది? ఆ రోజే చెయ్యాల్సిన పనులేంది?

డిండి వాగు (దేవరకొండ):
అమెరికాల పోలీసులు ఇండ్లల్లకు పోయి పెంపుడు కుక్కలను కాల్చిన వీడియోలు వాట్సాప్ గ్రూపులల్ల తెగ తిరుగుతున్నయి. కొన్నిట్ల అయితే అడ్రసే తప్పు. కింద జనం తిట్టే తిట్లు చూస్తే ఆ కోపం ఎంతుందో తెలుస్తుంది. మన దగ్గర గింతవరకు గిట్ల పెద్దగ వినలే గానీ, తెల్లారగట్ల నాలుగింటికి కార్డన్ సెర్చ్ పెట్టినప్పుడు గల్లీ గల్లీ తిరుగుతరు, గేటు దీస్తరు, ఆ టైముల కుక్కలు ఇడిసే ఉంటయి. ఒక ఎస్సై భయపడి పిస్టల్ తీసిండనుకో, లేదా లాఠీతోటి నడుము ఇరగ్గొట్టిండనుకో. కేసు ఏ సెక్షన్ మీద అయితది? అదే స్టేషన్ల ఫిర్యాదు ఇస్తే తీసుకుంటరా? సాక్ష్యం ఏమేం దాచిపెట్టాలె? ఇంటికాడ ముందే ఏం జాగ్రత్త పడాలె? "పెటాకు ఫోన్ చెయ్యి" అనే సలహా కాకుండ, పని తెలిసినోళ్లు వివరంగ చెప్పుండ్రి.

కోర్టు గుమ్మం (నల్లగొండ):
డిండి వాగు గారూ, సెక్షన్లతోనే మొదలుపెడతాను. ఫిర్యాదులో సెక్షన్ తప్పు పడితే మిగతా కష్టమంతా వృథా.

2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత నడుస్తోంది. జంతువును చంపడం మీద పాత ఐపీసీలో ఉన్న 428 వర్తించాలంటే జంతువు విలువ కనీసం 10 రూపాయలు ఉండాలి. 429 అయితే ఆవు, ఎద్దు, బర్రె, గుర్రం లాంటివి కాని జంతువుకు 50 రూపాయలు ఉండాలి. ఊరకుక్క విషయంలో డిఫెన్స్ వకీళ్లు "దీనికి విలువెక్కడిది" అని అక్కడే అడ్డుకునేవాళ్లు. కొత్త సంహితలో 325వ సెక్షన్ ఆ విలువ గొడవే లేకుండా చేసింది. ఏ జంతువునైనా దురుద్దేశంతో చంపినా, విషం పెట్టినా, అవిటిదాన్ని చేసినా ఐదేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. కాగ్నిజబుల్ కాబట్టి కోర్టు అనుమతి లేకుండానే ఎఫ్ఐఆర్ కట్టొచ్చు. బెయిలబుల్ కూడా. అంటే అరెస్టయినవాడు అదే రోజు బయటికొస్తాడు, దానికి ఆవేశపడి లాభం లేదు.

రెండోది 1960 నాటి జంతు హింస నివారణ చట్టం, సెక్షన్ 11. చాలామంది ఫిర్యాదులో 11(1)(ఎ) అని రాసి ఊరుకుంటారు. అది కొట్టడం, హింసించడం గురించిన క్లాజు, కాగ్నిజబుల్ కాదు. "కోర్టుకు పోండి" అని స్టేషన్‌లో తిప్పి పంపడానికి అదే సాకు. అనవసరమైన క్రూరత్వంతో చంపడం, అవయవం తీసేయడం 11(1)(ఎల్) కిందికి వస్తుంది. అదే చట్టం 31వ సెక్షన్ ప్రకారం (ఎల్), (ఎన్), (ఓ) క్లాజులు కాగ్నిజబుల్. అందుకని (ఎల్) తప్పకుండా రాయండి. శిక్ష మాత్రం నవ్వొచ్చేంత: మొదటిసారి 10 నుంచి 50 రూపాయల జరిమానా. అరవై ఏళ్లుగా అదే అంకె. అసలు బలం 325కే ఉంది, ఇది దానికి తోడు మాత్రమే. ఇంకో పేచీ: ఈ చట్టం కింద మూడు నెలలు దాటితే ప్రాసిక్యూషన్ మొదలుపెట్టడానికి వీల్లేదని 36వ సెక్షన్. శాఖాపరమైన విచారణ అయిపోనివ్వండి అని పెద్దమనుషులు చెబితే విని కూర్చుంటే ఈ తలుపు మూసుకుపోతుంది.

ఇక పోలీసు మీదే ఫిర్యాదు అంటే దారి ఇట్లా ఉంటుంది. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173 కింద రాతపూర్వకంగా స్టేషన్‌లో ఇవ్వాలి. ఏ స్టేషన్‌లోనైనా ఇవ్వొచ్చు, జీరో ఎఫ్ఐఆర్ కట్టి సంబంధిత స్టేషన్‌కు పంపాలి. ఆన్‌లైన్‌లో ఇస్తే మూడు రోజుల్లోపు వెళ్లి సంతకం పెట్టాలి. మూడు నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో డీఎస్పీ అనుమతితో 14 రోజుల ప్రాథమిక విచారణ చేసుకునే వెసులుబాటు 173(3)లో ఉంది. 325 సరిగ్గా ఆ పరిధిలోనే పడుతుంది కాబట్టి "విచారణలో ఉంది" అంటే అది అబద్ధమని అనుకోకండి. పదిహేనో రోజు మాత్రం వెళ్లి అడగండి. కట్టకపోతే 173(4) కింద ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి. అక్కడా కదలకపోతే అఫిడవిట్ జత చేసి మెజిస్ట్రేట్ దగ్గర 175(3) దరఖాస్తు. డ్యూటీలో ఉండగా జరిగిందంటే 175(4) ప్రకారం మెజిస్ట్రేట్ ఆ ఉద్యోగి పై అధికారి నుంచి నివేదిక తెప్పించుకుని, ఆ ఉద్యోగి చెప్పేది కూడా చూసి నిర్ణయిస్తారు. ఎస్పీకి పంపిన రసీదు లేకుండా నేరుగా కోర్టుకు పోతే పిటిషన్ వెనక్కి వస్తుంది. ఎక్కువ కేసులు పడిపోయేది ఇక్కడే.

ఆ తర్వాత అదే సురక్షా సంహితలోని 218. ప్రభుత్వ అనుమతి లేకుండా డ్యూటీ పనికి సంబంధించిన నేరాన్ని కోర్టు విచారణకు తీసుకోదు. ఇప్పుడు దానికి 120 రోజుల గడువు పెట్టారు, ఆ లోపు జవాబు రాకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క. వాళ్ల వైపు నుంచి వచ్చే వాదన ఒకటే ఉంటుంది, ఆత్మరక్షణ. కుక్క మీదికి దూకింది, కాల్చక తప్పలేదు అంటారు. దాన్ని నిలబెట్టేదైనా పడగొట్టేదైనా గాయం ఎక్కడుంది, తూటా ఎటు నుంచి ఎటు పోయింది అన్నదే. అది పశువైద్యులు చెప్పాలి.

పశువుల దవాఖాన (మిర్యాలగూడ):
సార్ ఆపిన చోటి నుంచి అందుకుంటాను.

కుక్క బతికి ఉంటే ముందు దాని సంగతి. శుభ్రమైన గుడ్డ మడత పెట్టి గాయం మీద గట్టిగా అదిమి పట్టండి. రక్తం తడిసిందని ఆ గుడ్డ తీయకండి, దాని మీదే ఇంకోటి పెట్టండి. ఛాతీలో తగిలి లోపలికి గాలి పీల్చే చప్పుడు వస్తుంటే పలుచని ప్లాస్టిక్ కవరు మూసి పట్టాలి. నొప్పిలో ఉన్న కుక్క యజమానినైనా కరుస్తుంది కాబట్టి గాజుగుడ్డ పట్టీతో మూతి కట్టొచ్చు. కానీ ఛాతీ గాయం ఉన్నా, వాంతి చేసుకుంటున్నా కట్టొద్దు, ఊపిరాడక పోతుంది. ఎత్తుకుని భుజాన వేసుకోకుండా చెక్క మీదో, దళసరి దుప్పటి మీదో పడుకోబెట్టి తీసుకెళ్లండి. నీళ్లు తాగించొద్దు. ఇంట్లో ఉన్న పారాసిటమాల్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ ఏదీ వేయొద్దు, కుక్కలకు అవి విషంతో సమానం. సంచార పశువైద్య వాహనానికి 1962.

చనిపోతే చేసే మొదటి తప్పు కళేబరాన్ని కడిగి, పసుపు కుంకుమ పెట్టి సాయంత్రానికి పూడ్చేయడం. ప్రేమతోనే చేస్తారు. కానీ దాంతో కేసు కూడా భూమిలోకి పోతుంది. రెండో తప్పు ప్లాస్టిక్ సంచిలో మూటగట్టి పెట్టడం. మన వైపు ఎండాకాలంలో 44 డిగ్రీలు దాటిన రోజు మూసిన సంచిలో ఉన్న కళేబరం పూటలోనే ఉబ్బి రంగు మారుతుంది. గాయం అంచులు చెదిరిపోతాయి. తెల్లటి నూలు గుడ్డ మీద, కదిలించకుండా, ఏ పక్కకు పడిందో ఆ పక్కకే ఉంచి ముందు ఫొటోలు తీయండి. దూరం నుంచి ఒకటి, దగ్గర నుంచి ఒకటి, గాయం పక్కన 10 రూపాయల నాణెం పెట్టి ఒకటి. నాణెం అడ్డుకొలత 27 మిల్లీమీటర్లు, దాన్నిబట్టి గాయం సైజు తరువాత లెక్క కట్టొచ్చు. తరువాత చుట్టూ ఐసు పెట్టండి. ఐసు ఫ్యాక్టరీ గడ్డలు కవర్లలో పెట్టి చుట్టూ పేర్చాలి, కరిగిన నీళ్లు గాయంలోకి పోకూడదు. డీప్ ఫ్రీజర్‌లో గడ్డ కట్టించొద్దు, కణజాలం చితికి సూక్ష్మదర్శిని కింద చూడటానికి పనికిరాదు. 4 డిగ్రీల దగ్గర చల్లగా ఉంటే చాలు.

పోస్టుమార్టం ఏరియా పశువైద్యశాలలో చేస్తారు, దానికి పోలీసు రిక్విజిషన్, అంటే రాతపూర్వక కోరిక, కావాలి. స్టేషన్ అది ఇవ్వకుండా నాన్చితే డాక్టరు గారికి రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. ఇచ్చిన టైము రికార్డులో ఉంటుంది, రేపు ఆలస్యం ఎవరిదో అదే చెబుతుంది.

డాక్టరు కోతకు ముందు ఎక్స్‌రే తీయించమని అడగండి. తూటా ఎక్కడ ఆగింది, ముక్కలయిందా, పెల్లెట్లా అన్నది అందులోనే తేలుతుంది. తూటాను పళ్లున్న ఇనుప ఫోర్సెప్స్‌తో లాగకూడదు. దాని ఒంటిమీద తుపాకి గొట్టం వేసిన గీతలు ఉంటాయి, ఫోరెన్సిక్ ల్యాబు ఆ గీతలతోనే ఏ పిస్టలో చెబుతుంది. చేతివేళ్లతోనో, రబ్బరు తొడిగిన ఫోర్సెప్స్‌తోనో తీసి, కడగకుండా ఆరనిచ్చి, దూది చుట్టి, చిన్న అట్టపెట్టెలో పెట్టి సీలు వేయాలి.

ఇక దూరం. మనిషి చర్మం మీద దగ్గరి నుంచి కాలిస్తే మసి, కాలిన చుక్కలు కనబడతాయి. కుక్కకు బొచ్చు ఉంటుంది, ఆ మసి బొచ్చులోనే ఆగిపోతుంది. గాయం శుభ్రంగా కనబడితే దూరం నుంచి కాల్చారని కొత్తవాళ్లు రాసేస్తారు. గాయం చుట్టూ బొచ్చు కత్తిరించి కాగితంలో మడిచి విడిగా సీలు వేయాలి, తర్వాతే చర్మం చూడాలి. దిశ మరీ ముఖ్యం. మీదికి దూకే కుక్కకు తూటా తలలోనో, మెడ ముందు భాగంలోనో, రొమ్ములోనో దిగి వెనక్కి పోతుంది. తొడ వెనక నుంచో, పక్కటెముకల వెనక నుంచో దిగి ముందుకు పోయిందంటే అది తిరిగి పోతున్న కుక్క. రిపోర్టులో "తుపాకి గాయం వల్ల మరణం" అని ఒక్క ముక్క రాస్తే సరిపోదు. ప్రవేశ గాయం ఎక్కడ, బయటికి వచ్చిన గాయం ఎక్కడ, దారి ఎటు నుంచి ఎటు, నేల నుంచి ఎంత ఎత్తులో, ఇవన్నీ రాయమని మర్యాదగా అడగండి.

విషం అనుమానం ఉంటే పద్ధతి వేరు. పొట్ట దానిలోని పదార్థంతో సహా, చిన్నపేగు ముక్క, కాలేయం, మూత్రపిండం విడివిడి సీసాల్లో, ఉప్పు ఇక కరగనంతగా కలిపిన నీళ్లలో పంపాలి. ఫార్మలిన్ పోస్తే రసాయన పరీక్ష పాడవుతుంది. అది కణజాల పరీక్షకు మాత్రమే, అదీ 10 శాతం. ఇంకొకటి, చనిపోయిన కుక్కకు పిచ్చి ఉందని ఎవరైనా వాదిస్తే మెదడు పరీక్ష చేయించాల్సి వస్తుంది కాబట్టి తల ఛిద్రం కాకుండా చూసుకోండి. చేతి తొడుగులు లేకుండా నోరు, లాలాజలం ముట్టొద్దు.

పాత ఖాకీ (మహబూబ్‌నగర్):
డిపార్ట్‌మెంట్ లోపల కాగితం ఎట్ల నడుస్తదో నేను చెప్త.

మామూలు స్టేషన్ కానిస్టేబుల్ చేతిల తుపాకి ఉండదు, లాఠీనే. ఎస్సై, సీఐ దగ్గర 9 ఎంఎం పిస్టల్ ఉండొచ్చు. ఏఆర్ (సాయుధ రిజర్వు) వాళ్లు ఎంబడి వస్తే పొడుగు తుపాకులు ఉంటయి. అందుకే మన దగ్గర కుక్క చచ్చేది తూటాతోని తక్కువ, దెబ్బతోని ఎక్కువ. తుపాకి పేలిందంటే మాత్రం దాచుడు అంత అల్కగ కాదు. ఆయుధం ఎవరికి ఎప్పుడు ఇచ్చిండ్రు, ఎన్ని రౌండ్లు ఇచ్చిండ్రు అని రిజిస్టర్ల ఉంటది. తిరిగి ఇచ్చేటప్పుడు లెక్క తప్పితే ఎంప్టీ కేసు, అంటే పేలినంక కింద పడే ఖాళీ తొడుగు, అది అప్పజెప్పి సమాధానం రాయాలె. జనరల్ డైరీల, అంటే స్టేషన్ రోజువారీ పుస్తకంల, ఎంట్రీ పడాలె. సో, ఫిర్యాదుల మీరు టైము నిమిషాలతోని రాయుండ్రి. "పొద్దుగాల" అని రాస్తే డైరీతోని సరిపోల్చుడు కుదరదు.

ఎంప్టీ కేసు మీ వాకిట్ల పడితే ముట్టకుండ్రి, దాని మీద గిన్నె బోర్లిచ్చి ఫొటో దీసి, పంచుల (సాక్షుల) ముంగట పోలీసులకే అప్పజెప్పి రాయించుకోండి. జేబుల ఏసుకుంటే సాక్ష్యం దాచినోళ్లు మీరే అయితరు.

ఆర్టీఐ ఎస్పీ ఆఫీసు సమాచార అధికారికి పెట్టుండ్రి, 10 రూపాయల ఫీజు. "విచారణకు అడ్డం" అని 8(1)(హెచ్) చూపిచ్చి తిప్పి పంపుతరు. అందుకే ఫైలు మొత్తం అడుగకుండ్రి. ఆ తారీఖు జనరల్ డైరీ ఎంట్రీ నకలు, ఆయుధం జారీ రిజిస్టర్ల ఆ ఒక్క రోజు పేజీ, రౌండ్ల ఖర్చు లెక్క, గంతే. 30 రోజులల్ల జవాబు రాకపోతే మొదటి అప్పీలు.

సెర్చ్ అయితే ఇంకొకటి ఉన్నది. నాగరిక్ సురక్షా సంహిత 105 ప్రకారం సోదాలు, స్వాధీనాలు ఆడియో, వీడియో తీయాలె, ఫోన్‌తోనైనా సరే, జాప్యం లేకుండ మెజిస్ట్రేట్‌కు పంపాలె. 103 కింద ఆ ఏరియా మనుషులు ఇద్దరు పంచులు ఉండాలె. కుక్క మీద కాల్పులు సోదా మధ్యల జరిగితే ఆ వీడియోల ఉండి తీరాలె. లేదంటే ఎందుకు లేదో వాళ్లే చెప్పుకోవాలె. కార్డన్ సెర్చ్‌ల బండి కాగితాలు చూసి పోయినప్పుడు దీన్ని సోదా అంటరా అనరా అన్నది వకీలు సాబులు తేల్చుకోవాల్సిన పేచీ.

ఇక ఇంటాయన చెయ్యొద్దనిది. "పో పో" అని కుక్కను ఉసిగొల్పితే అది నేరపూరిత బలప్రయోగం. కుక్కను మనిషి మీదికి ఉసిగొల్పుడు చట్టంలనే ఉదాహరణగ రాసి పెట్టిండ్రు. డ్యూటీల ఉన్నోళ్ల మీద అయితే న్యాయ సంహిత 132 పడ్తది. కట్టెయ్యమంటే కట్టెయ్యను అన్నా 221 కింద ఆటంకం. అప్పుడు మీ ఫిర్యాదు పక్కకు పోయి మీ మీదనే కేసు ముందుకొస్తది.

పిల్లలమర్రి నీడ (మహబూబ్‌నగర్):
అందరు పోలీసుల మీద పడ్డరు. ఇంటి కుక్క అని పేరేగాని, పొద్దంత గల్లీల తిరిగేది, పాలబ్బాయిని, పేపరబ్బాయిని, కరెంటు బిల్లు కొట్టేటోన్ని కరిచేది అదే. 2023 ఫిబ్రవరిల అంబర్‌పేటల నాలుగేండ్ల పిలగాన్ని కుక్కలు పీక్క తిన్నయి, ఆ వీడియో చూసినోళ్లకు కుక్కల మీద జాలి ఎక్కడినుంచి వస్తది? ఓనర్లకు గొలుసు కొనే తీరిక లేదు గానీ సెక్షన్లు మాత్రం కావాలె. ఫస్ట్ ఓనర్ మీద కేసు పెట్టుండ్రి.

కోర్టు గుమ్మం (నల్లగొండ):
పిల్లలమర్రి అన్నా, ఓనర్ మీద కేసుకు దారి ఉంది. జంతువును నిర్లక్ష్యంగా వదిలి మనుషులకు ప్రమాదం తెస్తే న్యాయ సంహిత 291 కింద ఆరు నెలల దాకా జైలు, లేదా 5,000 దాకా జరిమానా, లేదా రెండూ. కరిచిన రోజే దవాఖాన చీటీ తీసుకుని ఫిర్యాదు ఇవ్వండి. అది ఒక నేరం. దానికి జవాబుగా కుక్కను కాల్చడం ఇంకో నేరం. ఒకటి ఉంది కదా అని రెండోది మాఫీ కాదు. మీరు చెప్పిన అంబర్‌పేట ఘటనలోవి వీధి కుక్కలు, వాటి బాధ్యత 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల కింద మున్సిపాలిటీది, పంచాయతీది. పట్టి, సంతాన నిరోధక ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, మామూలుగా తెచ్చిన చోటే వదలాలి. ఇంటి కుక్కకు ఆ పూచీ యజమానిదే.

దూరం చూపు (సూర్యాపేట):
అమెరికా ముచ్చట కొంచెం సరిచేయాలి. ఏడాదికి 10,000 కుక్కలు అనే అంకె అందరూ తిప్పుతున్నారు. అది లెక్క కాదు, అక్కడి న్యాయశాఖ అధికారి ఒకరు చెప్పిన అంచనా. దేశం మొత్తానికి లెక్క రాసే వ్యవస్థే లేదు, జనం కోపంలో సగం దాని మీదే.

ఆ కోపానికి పెద్ద మలుపు 2008 జులై. మేరీల్యాండ్‌లో బెర్విన్ హైట్స్ అనే చిన్న ఊరి మేయర్ ఇంటికి గంజాయి పార్శిల్ వచ్చిందని కౌంటీ పోలీసులు తలుపులు పగలగొట్టి దూరి, ఆయన రెండు ల్యాబ్రడార్ కుక్కలను కాల్చేశారు. ఆ పార్శిల్‌తో ఆయనకు గాని భార్యకు గాని సంబంధం లేదు. సంబంధం లేని ఇళ్ల అడ్రసులకు సరుకు పంపించి మధ్యలో ఎత్తుకుపోయే ముఠా పని అది. మేయర్‌కే ఈ గతి పడితే అన్న మాట అప్పుడే ఊపందుకుంది.

కోర్టుల్లో రెండు తీర్పులు పక్కపక్కన పెట్టి చదవాలి. 2005లో తొమ్మిదో సర్క్యూట్ కోర్టు (అక్కడి ఫెడరల్ అప్పీలు కోర్టు) శాన్ హోసే కేసులో, ఇంట్లో కుక్కలున్నాయని పోలీసులకు వారం ముందే తెలుసు, అయినా కాల్చడం తప్ప వేరే ఉపాయం ఆలోచించలేదు కాబట్టి వాళ్లకు చట్టపరమైన రక్షణ దక్కదంది. 2016లో ఆరో సర్క్యూట్ మిషిగన్ రాష్ట్రం బ్యాటిల్ క్రీక్ కేసులో, కుక్కల వల్ల ప్రమాదం ఉందని ఆ క్షణంలో అధికారి అనుకోవడం సబబేనని పోలీసుల పక్షాన తీర్పిచ్చింది. తేడా ఎక్కడంటే, ముందు తెలిసీ సన్నద్ధం కాకపోవడం. 2013లో కొలరాడో రాష్ట్రం పోలీసులకు కుక్కల ప్రవర్తన మీద శిక్షణ తప్పనిసరి చేసి, వీలైన చోట యజమాని కుక్కను పక్కకు తీసుకెళ్లే అవకాశం ఇవ్వాలని చట్టమే చేసింది.

ఈ చివరి ముక్క మన కార్డన్ సెర్చ్‌కు నేరుగా పనికొస్తుంది. గేటు బయట నిలబడి "కుక్క ఉంటే కట్టెయ్యండి" అని రెండు నిమిషాలు ఆగడం ఖర్చులేని పని. బృందంలో ఒకరి చేతిలో కొసన ఉచ్చు ఉండే పొడవాటి పట్టుకర్ర, ఇంకొకరి చేతిలో చిన్న కార్బన్ డయాక్సైడ్ ఫైర్ సిలిండర్ ఉంటే చాలు. సిలిండర్ ఒక్కసారి ఊదితే ఆ చప్పుడుకు, చల్లటి పొగకు చాలా కుక్కలు వెనక్కి తగ్గుతాయి. ప్లాస్టిక్ కుర్చీ కాళ్లు కుక్క వైపు పెట్టి పట్టుకున్నా కాసేపు ఆగుతుంది. లాఠీ ఊపడం మాత్రం కరవమని పిలవడమే. పక్కకు తిరిగి నిలబడాలి, కళ్లలోకి చూడొద్దు, పరుగెత్తొద్దు. మొరుగుతూ వెనక్కి జరిగే కుక్క భయపడుతోంది. మొరగడం ఆపి, ఒళ్లు బిగబట్టి, తోక నిటారుగా పెట్టి చూసే కుక్కతోనే జాగ్రత్త.

పాత ఖాకీ (మహబూబ్‌నగర్):
దూరం చూపు గారు మంచిగ చెప్పిండ్రు. నేనొకటి కలుపుత. మన ఇండ్లల్ల వాకిలంత తాండూరు బండలు, షాబాద్ బండలు. కిందికి ఏటవాలుగ పేల్చిన 9 ఎంఎం తూటా బండ మీద జారి ఎటు లేస్తదో తెల్వదు. తలుపు సందుల నుంచి చూసే పిలగానికి తగులొచ్చు, పక్కనున్న కానిస్టేబుల్ కాలికీ తగులొచ్చు. కుక్క మీద జాలి లేకున్నా, ఇరుకు వాకిట్ల తుపాకి తీయొద్దనేదానికి గిదొక్కటి చాలు.

డిండి వాగు (దేవరకొండ):
అందరికీ శనార్థులు. ఇంటికాడ ఏర్పాటు గురించి ఎవరూ చెప్పలే. "కుక్క ఉంది జాగ్రత్త" బోర్డు పెడితే మనకు లాభమా నష్టమా? మా దిక్కు గొల్లోళ్ల మంద కుక్కలు కూడ ఉంటయి, అవి మందతోనే చేన్లల్ల పడుకుంటయి, వాటికి గొలుసెక్కడిది? ఇంకా ఓనరే లేని కుక్కను ఎవడన్న కాలిస్తే ఫిర్యాదు ఎవరియ్యాలె?

పశువుల దవాఖాన (మిర్యాలగూడ):
కట్టే చోటు నుంచి మొదలుపెడదాం. గేటు దగ్గర కట్టొద్దు. దారిలో కట్టిన కుక్క వచ్చేపోయే ప్రతివాడికీ ఎగిరెగిరి, ఆ గొలుసు కోపానికే మరింత కరిచేదవుతుంది. ఇంటి వెనక, నడిచే దారికి గొలుసు పొడవు కంటే కనీసం ఐదడుగులు ఎడంగా కట్టండి. గొలుసు ఆరడుగులు, మెడపట్టీ దగ్గర తిరుగుడు కొక్కెం ఉండాలి. అది లేకపోతే మెలికలు పడి రాత్రికి రాత్రి అడుగు పొడవుకు వస్తుంది. రెండు గుంజల మధ్య ఇనుప తీగ లాగి దానికి గొలుసు కొక్కెం తగిలిస్తే కుక్క అటూ ఇటూ తిరుగుతుంది, కాకపోతే తీగ చివర ఆపుడు బిరడా పెట్టాలి, లేకపోతే గుంజకు చుట్టుకుని ఉరి పడుతుంది. ఎప్పుడూ చిన్న గొలుసుతో కట్టేసి ఉంచడం, తిప్పకపోవడం కూడా అదే సెక్షన్ 11 కింద నేరమని గుర్తుంచుకోండి. కార్డన్ సెర్చ్‌లు జరిగే బస్తీ అయితే రాత్రి పది నుంచి తెల్లవారి ఆరు దాకా గదిలోనో, తాళం తీయకుండా చేయి దూరని జాలీ గూట్లోనో పెట్టండి.

మెడపట్టీ మీద ఫోన్ నంబరు, ఏటా రేబిస్ టీకా వేసిన పుస్తకం, ఒకే కుక్క అని తెలిసేలా రెండు పక్కల ఫొటోలు ముందే ఉంచుకోండి. నష్టపరిహారం అడిగే రోజు ఇవే పనికొస్తాయి.

మంద కుక్కలకు ఎర్ర గుడ్డ పట్టీయో, రంగు మెడపట్టీయో కట్టించండి. చీకట్లో టార్చి వేసినప్పుడు ఊరకుక్క కాదని తెలుస్తుంది. గొర్రెలకు నట్టల మందు తాగించే క్యాంపు రోజునే వాటికి కూడా టీకా వేయించుకుంటే కాపరికి ఇంకో పూట పోదు.

కోర్టు గుమ్మం (నల్లగొండ):
బోర్డు పెట్టండి. నష్టమేమీ లేదు. కుక్క ఉందని వాళ్లకు ముందే తెలుసు అనడానికి అది రుజువు. కాకపోతే బోర్డు పెట్టినంత మాత్రాన 291 బాధ్యత పోదు.

సీసీటీవీ ఉంటే అదే రోజు పెన్‌డ్రైవ్‌లోకి దించండి. చాలా డీవీఆర్‌లు రెండు నుంచి నాలుగు వారాల్లో పాతదాని మీద కొత్తది రాసేస్తాయి. ఫోన్‌లో స్క్రీన్‌ను రికార్డు చేసిన వీడియో కాదు, అసలు ఫైలు కావాలి. భారతీయ సాక్ష్య అధినియం 63(4) సర్టిఫికెట్ హ్యాష్ విలువతో (ఫైలు మారలేదని చూపే గుర్తు) జతచేయాలి. దాంట్లో ఒక భాగం మీరు, ఇంకో భాగం నిపుణుడు నింపి సంతకం పెట్టాలి. వాట్సాప్‌లో పంపుకున్న కాపీకి క్వాలిటీ పోతుంది, హ్యాష్ కూడా మారుతుంది.

ఓనర్ లేని కుక్క అయితే ఫిర్యాదు ఎవరైనా ఇవ్వొచ్చు. 2024 ఫిబ్రవరిలో అడ్డాకుల మండలం పొన్నకల్‌లో రాత్రిపూట కారులో ముసుగులతో వచ్చినవాళ్లు ఇరవై దాకా వీధి కుక్కలను తుపాకితో కాల్చి చంపినప్పుడు ఫిర్యాదు ఇచ్చింది ఊరి పంచాయతీ కార్యదర్శి. ఆ కేసులో నిందితులను పోలీసులే పట్టుకున్నారు. కాల్చింది పోలీసులు కాకుండా బయటివాళ్లయితే ఆయుధాల చట్టం సెక్షన్లు కూడా అడగండి. అక్కడ శిక్షలు గట్టిగా ఉంటాయి. ఎయిర్‌గన్ కదా, లైసెన్స్ అక్కర్లేదు అని వాదించేవాళ్లు ఉంటారు. 0.177 అంగుళాల క్యాలిబర్ (గొట్టం రంధ్రం) గాని, 20 జౌళ్ల శక్తి గాని దాటితే దానికీ లైసెన్స్ కావాలి. లైసెన్స్ అక్కర్లేని ఎయిర్‌గన్‌తో కాల్చినా 325 ఎలాగూ ఉంది.

కార్యదర్శి ముందుకు రాకపోతే వార్డు సభ్యుడో, మీరో ఇవ్వండి. ఎఫ్ఐఆర్ కాపీ ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలని 173(2)లోనే ఉంది. జిరాక్స్ డబ్బులు కూడా అడగడానికి లేదు.